మీరిక్కడేనా?

ఇల్లు కొనడానికి కావలసింది డబ్బు అని ఇంకా నమ్ముతున్న అమాయకులు ఈ లోకంలో కొందరున్నారు. వాళ్ళ క్షేమం కోరి చెబుతున్నాను: కావలసింది పోలిక. డబ్బు లేకపోతే బ్యాంకు ఇస్తుంది. పోలిక లేకపోతే బ్యాంకే కాదు, కన్నతల్లి కూడా ఇవ్వలేదు. (ముక్కూ మొహం పోలికలు ఇవ్వగలదు గానీ, అవి ఆఫీసులో చెల్లవు.)

ఊరి చివర చవకలో ఇల్లు కొనదలచిన ప్రతి కుటుంబమూ ముందుగా శివారు పేటల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవాలని నిబంధన. పోల్చామని శివారు పేటల పోలిక మండలిని నమ్మించాలి కూడా. ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. వెనకటికి ఒకాయన ఏ పేటనూ పోల్చకుండా, ఎవర్నీ అడక్కుండా, మొదట కనబడ్డ ఇల్లు కొనేసి అందులో హాయిగా బతికాడట. ఆయన హాయి చూసి, చుట్టుపక్కల పోల్చి మరీ కొనుక్కున్న వాళ్ళకి అన్నం సయించలేదు. ఫిర్యాదులు వెళ్ళాయి. విచారణ సంఘం ఆయన్ని పిలిపించి, ఇంతకంటే మంచి పేట ఇంకోటి ఉండి ఉండొచ్చు కదా, లేదని నీకెలా తెలుసు అని నిలదీసింది. తెలియదన్నాడు. తెలియకుండా సుఖంగా ఉండటం తెలిసి బాధపడుతున్న వాళ్ళకి అన్యాయమని సంఘం తేల్చింది. మళ్ళీ ఎవరూ అలా సుఖపడకుండా మండలిని ఏర్పాటు చేసింది.

మండలి చేసిన మొదటి మంచిపని పేటలకు పేర్లు తీసేయడం. పేర్లుంటే జనం పేరు బాగుందని కొంటారట. అందుకని ఒక్కో పేటకు ఒక్కో రంగు వేసి ఆ రంగుతోనే పిలవాలన్నారు. నీలం పేట, ఆకుపచ్చ పేట, గోధుమరంగు పేట, బూడిదరంగు పేట. (ఇప్పుడు జనం రంగు బాగుందని కొంటున్నారు. దీని మీద ఒక ఉపసంఘం కూర్చుంది. ఇంకా లేవలేదు.)

రెండో మంచిపని మార్కులు. ప్రతి పేటకూ సందడికి కొన్ని మార్కులు, ప్రశాంతతకు కొన్ని మార్కులు వేస్తారు. ఉత్తమమైన పేటలో రెండూ నిండుగా ఉండాలి. అంటే పిల్లలు కేకలు పెడుతూ ఆడుకోవాలి, ఆ కేకలు ఎవరికీ వినపడకూడదు. మార్కులు పెరిగితే ఇళ్ళ ధరా పెరుగుతుంది. దాన్ని బట్టి పేటలు మూడు తరగతులు: అందుబాటు, అందీ అందని, అందని. అందని పేటలు పుల్లగా ఉంటాయని కోరినవారికి మండలి ధ్రువపత్రం కూడా ఇస్తుంది.

ఇంత గొప్ప ఏర్పాటులోకి మేమెందుకు దిగామో చెప్పాలి.

మేముండేది టైర్ల పంచర్లు వేసే దుకాణం పైన, గదిన్నర ఇంట్లో. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో వాళ్ళందర్నీ పైకి పంపించి, ఆయన మాత్రం ఇనప నిచ్చెన లాంటి మెట్లెక్కి ఇంటికొస్తాడు. మాతో మా అత్తయ్య ఉంటుంది. మాకొక కూతురు. దానికి ఐదు నిండాయి. అది మాట్లాడదు. మూగది కాదు. ఏమడిగినా "ఊఁ" అంటుంది. దాని దగ్గర మూడు రకాల ఊఁలున్నాయి. ఒకటి అవును, ఒకటి కాదు, మూడోది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళ నాన్న దాన్ని ముద్దుగా ముక్తసరి అని పిలుస్తాడు.

నాకు భయం పాలు కాస్త ఎక్కువ. పిల్ల దగ్గితే భయం, దగ్గకపోతే ఎందుకు దగ్గడం లేదా అని ఇంకా భయం. డాక్టరు దగ్గరికి తీసుకెళితే చెవి బాగుంది, గొంతు బాగుంది, నాలుక బాగుంది, మీకే కాస్త విశ్రాంతి కావాలి అన్నాడు. బళ్ళో టీచరు మాత్రం, ఇంటి దగ్గర ఆడుకోవడానికి ఎవరున్నారని అడిగింది. నేను నిజాయితీగా ఆలోచించి, టైర్లున్నాయండి అన్నాను. ఆవిడ నవ్వలేదు. తోటి పిల్లలున్న చోటికి ఇల్లు మారండి, మాటలు వాటంతటవే వస్తాయి అంది. ఇంకా ఆలస్యం చెయ్యకండి అని కూడా అంది. ఆ చివరి మాట నా గుండెలో మేకై కూర్చుంది.

కాబట్టి ఇల్లు కొనడానికి మాకున్న ప్రశ్న ఒక్కటే. అక్కడ పిల్లలున్నారా?

ఆ ప్రశ్న పట్టుకుని మండలి ఆఫీసుకి వెళ్ళాను. పోలికాధికారి మెత్తటి గొంతు మనిషి. ఆయన బల్ల ముందు రెండు కుర్చీలున్నాయి. వచ్చినవాళ్ళు రెంటినీ పరిశీలించి, ఏది మేలో తేల్చుకుని కూర్చోవాలి. నేను చూడకుండా దగ్గర్లో ఉన్నదాంట్లో కూర్చున్నాను. ఆయన మొహంలో బాధ కనిపించింది గానీ పైకి అనలేదు. చదువెంతవరకు అని అడిగాడు. పదో తరగతి సగం అన్నాను. ఏ సగం అన్నాడు.

"ఉపమాలంకారం పాఠం దాకానండి."

ఆయన మొహం వెలిగింది. "అంటే పోలిక చెప్పారన్నమాట."

"ఉపమేయం, ఉపమానం చెప్పారండి. మిగతా రెండు భాగాలూ చెప్పేలోగా బడి మానేశాను."

"ఆ రెండూ చాలమ్మా. మా ఉద్యోగాలన్నీ ఆ రెంటితోనే నడుస్తున్నాయి."

తర్వాత పద్ధతి వివరించాడు. ఈ రోజు నుంచి మేం పరిశీలక కుటుంబం. ఫోనులో మండలి వారి యాప్ పెట్టుకుని, ఆదివారం ఆదివారం ఒక పేటకి వెళ్ళి, ఫోను చేత్తో పట్టుకుని తిరగాలి. మేం ఎక్కడ తిరిగామో యాప్ చూసుకుంటుంది. మేం ఏం చూశామో దానికక్కర్లేదు. పేటలో పిల్లలెంతమంది ఉన్నారో యాప్‌లో ఎక్కడ చూడాలండీ అని అడిగాను. పిల్లలు సందడి కింద వస్తారమ్మా అన్నాడు. కుక్కలూ, మోటారు సైకిళ్ళూ కూడా దాని కిందే వస్తాయట. విడివిడిగా చూడ్డానికి సిబ్బంది లేరట.

మొదటి ఆదివారం నీలం పేటకి వెళ్ళాం. బస్సు చిట్టచివరి స్టాపు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆలోచించి, ఇంకా ముందుకు వెళుతుంది. అన్నీ లేత నీలం రంగు వేసిన కొత్త భవనాలు. దిగగానే అత్తయ్య తన సొంత పద్ధతి మొదలుపెట్టింది. తల పైకెత్తి బాల్కనీల వంక చూడటం. పిల్లలున్న ఇల్లు బట్టల తీగ మీద తెలుస్తుందే అమ్మాయ్ అంది. రెండో అంతస్తు బాల్కనీలో ఒక చిన్న పసుపు గౌను ఆరేసి ఉంది, ఇంకా నీళ్ళు కారుతూ. అత్తయ్య తృప్తిగా తలాడించింది.

మా ఆయన తిన్నగా లిఫ్టులోకి దూరాడు. ఆయనకి ఊరంటే లిఫ్టే. కాసేపటికి కళ్ళు మెరిసిపోతూ బయటికొచ్చాడు. బటన్ల మీద ఫ్యాక్టరీలో అతికించిన ప్లాస్టిక్ పొర అలాగే ఉందట, ఒక్క గీత పడలేదట. "ఎంత పద్ధతైన మనుషులో చూడవే. మన వైపు వాళ్ళయితే వారంలో గోకి పారేసి ఉండేవాళ్ళు" అన్నాడు. అక్కడివాళ్ళ నాగరికతకి మేమందరం ఆశ్చర్యపోయాం.

పార్కులోకి అడుగుపెట్టేసరికి నా ప్రాణం లేచివచ్చింది. పార్కు నిండా పిల్లలు. జారుడుబల్ల దగ్గర వరస. ఉయ్యాల దగ్గర తగువు. తల్లులు బెంచీల మీద, తండ్రులు చేతులు కట్టుకుని చెట్ల కింద. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఈ రోజుల్లో ఫోను లేందెవరి చేతిలో అనుకున్నాను. నేను కూర్చున్న బెంచీ మీదే ఒకావిడ ఉంది. ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఇంకో కళ్ళజోడు. (కళ్ళజోళ్ళ దుకాణంలో పనట. తర్వాత తెలిసింది.) ఆవిడ కాళ్ళ దగ్గర ముందుపళ్ళు ఊడిన పిల్ల ఒకతి మట్టిలో గుంట తవ్వుతోంది.

మాట కలపాలి కదా అని అడిగాను. "మీరిక్కడేనా?"

మన భాషలో ఇంతకంటే ప్రమాదకరమైన ప్రశ్న లేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని ఇక్కడేనా అంటే, ఇక్కడే కాక ఇంకెక్కడ అవుతుంది? ఆవిడ కూడా తడుముకోకుండా, ఇక్కడేనండి, మరి మీరు అంది. ఇల్లు చూడ్డానికి వచ్చామని చెబితే లోకువైపోతాం. చూసిపోయేవాళ్ళకి ఎవరూ నిజం చెప్పరు.

"మేమూ ఇక్కడే" అన్నాను.

నీళ్ళు బాగా వస్తాయాండీ అని అడిగాను. (ఇక్కడే ఉండేదాన్నయితే ఆ సంగతి ఇంకొకర్ని అడగడమేమిటని నాకూ తోచలేదు, ఆవిడకీ తోచలేదు.) బ్రహ్మాండమండీ, మరి మీకు అంది. మాకూ బ్రహ్మాండమే అన్నాను. కరెంటు ఎలా ఉంటుందని ఆవిడ అడిగింది. పోగా మేం చూడలేదండి అన్నాను. అది మాత్రం ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం.

ఇంతలో ఆ ముందుపళ్ళు లేని పిల్ల లేచి, మా ముక్తసరి ఎదుటికొచ్చి, నాలుక కొసని ఆ సందులోంచి బయటపెట్టి చూపించి అడిగింది. "నీకూ ఊడాయా?"

నేను మామూలు ఊఁ కోసం ఎదురుచూస్తున్నాను.

"ఊడలేదు. కదుల్తోంది. చూస్తావా?" అంది మా అమ్మాయి.

అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది. లిఫ్టు గురించి ఇంకొకాయనకి చెబుతున్న మా ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. నేను బెంచీ చెక్క గట్టిగా పట్టుకున్నాను, కదిలితే ఆ మాటలు ఎగిరిపోతాయేమోనని. అవి ఎగిరిపోలేదు. ఆ తొర్రిపళ్ళ పిల్లా, మాదీ కలిసి పార్కంతా కలయదిరిగారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు కండక్టరుకి మా పిల్ల కదిలే పన్ను కథంతా చెప్పింది. ఆయన టిక్కెట్లు కొట్టడం మానేసి విన్నాడు.

ఆ పార్కులో దీపస్తంభం పక్కన ఒకాయన టార్చిలైటు లాంటి పరికరం పట్టుకుని నిలబడి ఉన్నాడు. సందడి తనిఖీదారట. పిల్లల వంక చూసి నవ్వితే, మంచి మనిషనుకున్నాను.

ఇక నీలం పేటే అని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాం. కానీ ఒక్క పేటనే చూసి కొంటే దాన్ని పోలిక అనరు, ప్రేమ అంటారు. మండలి ప్రేమను గుర్తించదు. అందుకని పై ఆదివారం ఆకుపచ్చ పేటకి వెళ్ళాం, మొక్కుబడిగా చూసి వచ్చేద్దామని.

అక్కడా పార్కు నిండా పిల్లలే. అత్తయ్య అలవాటు కొద్దీ తల పైకెత్తింది. రెండో అంతస్తు బాల్కనీలో చిన్న పసుపు గౌను, నీళ్ళు కారుతూ. "ఈ రంగు గౌన్లు ఈ మధ్య బాగా వస్తున్నట్టున్నాయి" అంది. బెంచీ దగ్గరికి వెళ్ళేసరికి, రెండు కళ్ళజోళ్ళావిడ కూర్చుని ఉంది. ఆవిడా నన్ను చూసింది. ఇద్దరం ఒక్కసారే "చుట్టాలింటికొచ్చామండీ" అన్నాం. పిల్లలిద్దరూ అప్పటికే ఉయ్యాల దగ్గరున్నారు. వాళ్ళకి చుట్టాల అవసరం పడలేదు.

ఆ పై ఆదివారం గోధుమరంగు పేటలో మళ్ళీ ఆవిడే. ఇద్దరికీ చుట్టాలు అయిపోయారు. ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, నా మొహంలోకి చూసింది.

"నాకు కళ్ళజోళ్ళు అమ్మడం వచ్చు గానీ అబద్ధం నిలబెట్టడం రాదండీ. నిజం చెప్పండి. మీరిక్కడేనా?"

"కాదండి. మీరు?"

"నేనెక్కడా కాదండి."

నవ్వీ నవ్వీ మాకు కడుపు నొప్పి వచ్చింది. వాళ్ళదీ అద్దె ఇల్లే. వాళ్ళ వీధిలో పిల్లలు లేరు; ఆ తొర్రి పిల్ల తన మాటలన్నీ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలతోనే చెబుతుందట. నవ్వు ఆగాక ఆవిడకో అనుమానం వచ్చింది. లేచి నిలబడి, ఇక్కడ నిజంగా ఇక్కడే ఉండేవాళ్ళెవరైనా ఉన్నారాండీ అని పార్కంతటికీ వినబడేట్టు అడిగింది. ఉయ్యాలలు ఆగిపోయాయి. తల్లులు ఫోన్లు చూసుకున్నారు. చెట్ల కింది తండ్రులు చెట్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపటికి ఒక మూలనుంచి ఒక చెయ్యి లేచింది. ఆయన వాచ్‌మన్. ఆయన కూడా పగలు మాత్రమే ఉంటాడట.

ఆ వాచ్‌మనే పసుపు గౌను సంగతి కూడా చెప్పాడు. దాన్ని నివాస సూచిక అంటారట. ప్రతి పేటకీ ఒకటి ఇచ్చారట. ఆదివారం పొద్దున్నే తడిపి ఆరేయాలి. మధ్యలో ఆరిపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుంటారని, మధ్యాహ్నం ఇంకోసారి తడుపుతాడట. మా అత్తయ్య ఆ రోజు నుంచి తల దించుకుని నడుస్తోంది. మా ఆయనకి లిఫ్టు బటన్ల మీద పొర ఎందుకు చెక్కుచెదరలేదో అప్పుడర్థమైంది. పద్ధతైన మనుషుల మీద ఆయన పెంచుకున్న నమ్మకం అంతటితో పోయింది.

నాకు మాత్రం దిగులు వెయ్యలేదు. నాకే ఆశ్చర్యం. పేటలన్నీ ఉత్తవే అయినా ఆ తొర్రి పిల్ల ఉత్తది కాదు కదా. వాళ్ళూ నీలం పేటే కొంటే, పక్కపక్క ఇళ్ళు తీసుకుంటే, చాలదా? అప్పటికి నేనూ కళ్ళజోళ్ళావిడా వదినా అంటే వదినా అనుకుంటున్నాం. "జనం లేని చోట ఇద్దరు పిల్లలుంటే వాళ్ళే జనమే అమ్మాయ్" అని అత్తయ్య తీర్పు చెప్పింది.

వదినా నేనూ కలిసి పోలికాధికారి దగ్గరికి వెళ్ళాం. ఇద్దరం రెండు కుర్చీల్లో కూర్చున్నాం కాబట్టి ఎవరేది ఎంచుకున్నారో ఆయనకి అంతుబట్టలేదు. కంప్యూటరు చూసి, నీలం పేట అందీ అందని తరగతిలోకి వెళ్ళిపోయిందమ్మా అన్నాడు. మేం చూసిన రోజున అందుబాటులోనే ఉంది కదండీ అన్నాం. ఆ రోజే సందడి మార్కులు పెరిగాయన్నాడు. ఎందుకు పెరిగాయన్నాం. తనిఖీదారు ఆధారం జతచేశాడని ఒక మీట నొక్కాడు.

"ఊడలేదు. కదుల్తోంది. చూస్తావా?"

మా అమ్మాయి గొంతు. ఆఫీసు గదిలో, ఫ్యాను చప్పుడు మధ్య. ఇంకోసారి పెట్టమన్నాను. నియమం ప్రకారం ఒక్కసారే వినిపించాలి గానీ, పెట్టాడు. ఎంతైనా మెత్తటి మనిషి. వెనకాలే తొర్రి నవ్వు కూడా పడింది. వదిన కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అన్నారామ్మా?" అన్నాడు ఆయన. "మీ పాప నోరు మంచిది. దాంతో ఊరు మంచిదైంది. మంచి ఊరు మీకు అందదు."

అయితే పిల్లల్ని మాట్లాడొద్దనమంటారా అని అడిగింది వదిన. ఆయన నొచ్చుకున్నాడు. పిల్లల మాటను మండలి ఎన్నడూ అడ్డుకోదట. దానికి తగిన విలువ కడుతుందట, అంతే.

ఆకుపచ్చ, గోధుమరంగు పేటలదీ అదే కథ. మిగిలింది బూడిదరంగు పేట. అదింకా అందుబాటు తరగతిలోనే ఉంది. ఆ ఆదివారం బస్సు దిగాక నేనొక పని చేశాను. అది రాయాలంటే చెయ్యి కాస్త వెనకాడుతోంది గానీ, పోలిక కోసం రాస్తున్నాను. ఏళ్ళ తరబడి మాట్లాడవే, మాట్లాడవే అని బతిమాలిన నోటితోనే, "ఇవాళ ఒక్క పూట నోరెత్తకు తల్లీ, ఇల్లు చేతికొచ్చాక ఎంతసేపైనా మాట్లాడుదువు గాని" అన్నాను.

అది నా వంక చూసి, "ఊఁ" అంది. మూడో రకం.

పిల్లలిద్దరూ బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. తనిఖీదారు పరికరాన్ని అటూ ఇటూ తిప్పి, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చివరికి బ్యాటరీ కూడా మార్చి చూసుకున్నాడు. మేం గెలిచామనుకున్నాం. మర్నాడు యాప్ చూస్తే బూడిదరంగు పేటకి ప్రశాంతతలో నిండు మార్కులు. పిల్లలుండి కూడా నిశ్శబ్దంగా ఉండటం అరుదైన సదుపాయమట. పేట అందీ అందని దశలో కూడా ఆగకుండా ఒక్కసారే అందని తరగతిలోకి వెళ్ళింది. (పుల్లగా ఉంటుందన్న ధ్రువపత్రం నేను తీసుకోలేదు. రుచి తెలిసిపోయింది.)

ఈసారి ఆఫీసుకి అత్తయ్య కూడా వచ్చింది. ఆవిడ రెండు కుర్చీలనూ శ్రద్ధగా పరిశీలించి, రెండూ బాగాలేవని నిలబడే ఉంది. పోలికాధికారికి ఆవిడ మీద గౌరవం కలిగింది. చాలా ఓపిగ్గా వివరించాడు. మీరు చూసిన పేట పెరుగుతుందమ్మా, మీ తప్పేం లేదు, చూడటంలోనే ఆ గుణం ఉంది. మీతోపాటు అందరూ చూస్తారు, చూసినకొద్దీ పెరుగుతుంది. కాబట్టి మీకు అందుబాటులో ఉండేది మీరు చూడని పేట ఒక్కటే.

"అయితే చూడనిదే కొనుక్కుంటాం నాయనా. కొనొచ్చా?" అంది అత్తయ్య.

పోలికాధికారి నియమాల పుస్తకం తెరిచాడు. ఆయన కళ్ళజోడు సరిపోవడం లేదని వదిన కనిపెట్టి, నెత్తి మీది జోడు తీసి ఇచ్చింది. ఆయన అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ చదివాడు. పేటల్ని పోల్చాలని ఉంది. పోల్చిన పేటల్లోంచే కొనాలని ఎక్కడా లేదు. ఆయన మొహం పాలిపోయింది. ఇలాంటిది వెనకటి ఆయన తర్వాత మళ్ళీ ఎవరూ అడగలేదమ్మా అన్నాడు, గొంతు ఇంకా తగ్గించి. తర్వాత గోడ మీది పటం దగ్గరికి వెళ్ళి, దాని అంచు దాటి సున్నం మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడొక పేట ఉందట. ఇంకా రంగు వెయ్యలేదట.

పక్కపక్క ఇళ్ళు కొన్నాం.

ఆ పేట గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. రోడ్డు మా ఇంటికి కాస్త ముందు ఆగిపోయి, కాస్త తర్వాత మళ్ళీ మొదలవుతుంది. నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, ఎప్పుడొస్తాయో ట్యాంకరు ఇష్టం. గోడలకి రంగు లేదు కాబట్టి ఏ రంగో మేమే అనుకోవచ్చు. కానీ లిఫ్టుంది. చేరిన రోజున బటన్ల మీద ప్లాస్టిక్ పొరని మా ముక్తసరీ, తొర్రీ కలిసి గోళ్ళతో గోకి ఒలిచిపారేశారు. మా ఆయన పక్కనే నిలబడి, ఏదో శుభకార్యం చూస్తున్నట్టు చూశాడు. మా దాని పన్ను కూడా ఊడింది. ఆ కథ పేటలో అందరికీ తెలుసు. అందరూ అంటే మేమే. ఇప్పుడది పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటుంది. అయినా వాళ్ళ నాన్న ముక్తసరి అనే పిలుస్తాడు, పేరు మార్చాలంటే ఏ ఆఫీసుకి వెళ్ళాలోనని.

మొన్న ఆదివారం పార్కులో ఉన్నాం. ఒక బస్సు ఆగింది. ఒక చిన్న వయసు తల్లి దిగింది, చేతిలో ఫోను, చెయ్యి పట్టుకుని ఒక బాబు. ఏమడిగినా తల ఊపుతున్నాడు, మాట లేదు. వెనకాలే దిగినాయన చేతిలో టార్చిలైటు లాంటి పరికరం. మమ్మల్ని గుర్తుపట్టి పాత స్నేహితుడిలా నవ్వాడు. ఆ అమ్మాయి బిడియంగా వచ్చి మా బెంచీ చివర కూర్చుంది.

"మీరిక్కడేనాండీ?"

"ఇక్కడేనండి" అన్నాను. ఆ మాట నిజంగా నిజమై నా నోట్లోంచి రావడం అదే మొదలు.

"నీళ్ళెలా వస్తాయండి?"

ట్యాంకరు వచ్చి ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకుంటూ వదిన వంక చూశాను. వదిన కళ్ళజోడు తుడుచుకుంటోంది. వీళ్ళు వెళ్ళిపోతే మా పిల్లలు మళ్ళీ ఇద్దరే. వస్తే ముగ్గురు. పేట పెరుగుతుంది. పెరిగితే, మనలో మాట, ఇప్పుడు ఇళ్ళు మావే కదా.

"బ్రహ్మాండమండీ" అన్నాను. వదిన కూడా మాకూ బ్రహ్మాండమే అంది. పిల్లల వైపు తిరిగి, ఇంకాస్త గట్టిగా ఆడుకోండర్రా అని కూడా అంది.

ఇవాళ మళ్ళీ ఆదివారం. పొద్దున్నే మా అమ్మాయి పాత గౌను ఒకటి వెతికి తడిపి బాల్కనీలో ఆరేశాను. పసుపుది. మధ్యాహ్నానికి ఆరిపోతే తీసి బకెట్లో ముంచుతున్నాను.

"ఆరిపోయిన గౌను మళ్ళీ ఎందుకు తడుపుతున్నావమ్మా?" అంది మా ముక్తసరి.

"ఊఁ" అన్నాను.